పెద్ద క్లబ్బు కన్ను పడితే

జట్టు గెలుస్తుంటే దిగులెందుకు?

ఓడిపోతున్న జట్టు అభిమాని దిగులుకు ఎవరూ కారణం అడగరు. ఇంగ్లండ్‌లో చిన్న, మధ్యరకం ఫుట్‌బాల్ క్లబ్బుల అభిమానులకు మాత్రం గెలుస్తున్నప్పుడు కూడా ఒక దిగులు ఉంటుంది. వరసగా నాలుగు మ్యాచ్‌లు నెగ్గి పాయింట్ల పట్టికలో పైకి ఎగబాకితే చాలు, సంబరం సగంలో ఉండగానే ఎవరో ఒకరు అనేస్తారు: "ఇక ఈ మేనేజర్ మనకు దక్కడు." అదే వారం లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఒక పెద్ద క్లబ్బు తన మేనేజర్‌ను సాగనంపిందంటే, పైన గద్ద తిరుగుతున్నప్పుడు కోడిపిల్లలున్న పెరడులా అయిపోతుంది ఊరు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 సెప్టెంబరు 4, ఆదివారం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ జట్టు సొంత మైదానంలో లెస్టర్‌ను 5-2తో చిత్తు చేసింది. ఆరు మ్యాచ్‌లకు 13 పాయింట్లు, ప్రీమియర్ లీగ్‌లో నాలుగో స్థానం. బుధవారం నాడు లండన్‌లో చెల్సీ తన కోచ్ థామస్ టుషెల్‌ను తీసేసింది. గురువారానికల్లా బ్రైటన్ మేనేజర్ గ్రాహం పాటర్ చెల్సీ మేనేజర్ అయిపోయాడు. ఆదివారం చప్పట్లు కొట్టిన జనానికి గురువారం నాటికి మేనేజర్ లేడు.

ఈ రెండు క్లబ్బుల కథనే కాస్త తీరిగ్గా చూద్దాం. ఇలాంటివి చాలా ఉన్నాయి కానీ, ఇంత స్పష్టంగా మొదలూ చివరా కనిపించేది ఇంకోటి లేదు.

ఒక్క మనిషి పోతే అంత నష్టమా? ఆటగాళ్ళు పోవడం లేదా?

క్రికెట్ చూసి పెరిగినవాళ్ళకు ఇది వెంటనే అర్థం కాకపోవచ్చు. క్రికెట్‌లో మైదానంలో నిర్ణయాలు కెప్టెన్‌వి. కోచ్ వెనకుండి నడిపిస్తాడు. ఫుట్‌బాల్‌లో కెప్టెన్‌కు చేతి పట్టీ ఉంటుంది, టాస్ ఉంటుంది, అంతకు మించి పెద్ద అధికారమేమీ ఉండదు. పదకొండు మంది ఎవరు, ఎవరు ఎక్కడ నిలబడాలి, బంతి పోగానే ఎటు పరిగెత్తాలి, అరవయ్యో నిమిషంలో ఎవర్ని మార్చాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏం సాధన చేయాలి, అంతా మేనేజర్ చేతిలోనే. ఒక ఆటగాడు అమ్ముడుపోతే ఒక స్థానం ఖాళీ అవుతుంది. మేనేజర్ పోతే పదకొండు మంది పనీ మారిపోతుంది.

పైగా అతను ఒంటరిగా పోడు. పాటర్ వెంట సహాయకుడు బిల్లీ రీడ్, కోచ్‌లు బ్యోర్న్ హాంబర్గ్, బ్రూనో, గోల్‌కీపర్ల కోచ్ బెన్ రాబర్ట్స్, ఆటగాళ్ళ ఎంపికలో పనిచేసే కైల్ మకాలే అంతా పెట్టేబేడా సర్దుకుని చెల్సీకి వెళ్ళారు. బ్రూనో అంతకు ముందు బ్రైటన్ జట్టుకు కెప్టెన్‌గా చేసినవాడు కూడా. సాధన మైదానంలో ఆటగాళ్ళు రోజూ చూసే ముఖాల్లో సగం ఒక్క రోజులో మాయమయ్యాయి.

ఇంకో సంగతి. ఆటగాళ్ళ కొనుగోళ్ళకు వేసవిలో ఒకటి, జనవరిలో ఒకటి గడువులుంటాయి. గడువు ముగిశాక అభిమాని ఊపిరి పీల్చుకోవచ్చు. ఇంగ్లండ్‌లో మేనేజర్లకు అలాంటి గడువేదీ లేదు. సీజన్ నడుమ ఏ బుధవారమైనా పోవచ్చు. ఇటలీలో అయితే ఒక సీజన్‌లో ఒక క్లబ్బుకు పనిచేసిన కోచ్ అదే సీజన్‌లో అదే లీగ్‌లోని మరో క్లబ్బుకు పనిచేయకూడదన్న నియమం చాలాకాలం ఉండేది. ఇంగ్లండ్ ఆ జోలికి పోలేదు.

కాంట్రాక్టు రాసుకుంటారు కదా, మరి ఎలా తీసుకుపోతారు?

రాసుకుంటారు. పాటర్‌కు 2025 దాకా కాంట్రాక్టు ఉంది. కాంట్రాక్టులో ఉన్న మేనేజర్‌తో నేరుగా మాట్లాడకూడదు. ముందు అతని క్లబ్బు అనుమతి తీసుకోవాలి. మామూలుగా ఈ అనుమతికి ఒక ధర ఉంటుంది. మిగిలిన కాంట్రాక్టుకు పరిహారం ఇంత అని రెండు క్లబ్బులూ బేరమాడుకుంటాయి. పాటర్‌కూ అతని బృందానికీ కలిపి చెల్సీ ఇచ్చింది 2 కోట్ల పౌండ్లకు పైమాటేనని అప్పట్లో పత్రికలు రాశాయి.

కొన్ని కాంట్రాక్టుల్లో ఆ ధర ముందే రాసి ఉంటుంది. దాన్నే రిలీజ్ క్లాజ్ అంటారు. ఆ మొత్తం కట్టినవాణ్ణి కాదనడానికి క్లబ్బుకు దారి ఉండదు. 2024లో మాంచెస్టర్ యునైటెడ్ పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ నుంచి రూబెన్ అమోరిమ్‌ను తీసుకున్నది ఇలాగే. కోటి యూరోల క్లాజ్ కట్టడానికి ఇంగ్లిష్ క్లబ్బు సిద్ధంగా ఉందని స్పోర్టింగ్ తమ దేశపు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు తెలియజేయాల్సి వచ్చింది. మరి తెలిసి తెలిసి అలాంటి షరతుకు ఏ క్లబ్బయినా ఎందుకు ఒప్పుకుంటుంది? ఒప్పుకోకపోతే ఆ మనిషి అసలు సంతకమే పెట్టడు కాబట్టి. ఎదుగుతున్న కోచ్ తలుపు కాస్త తెరిచి ఉంచమంటాడు; క్లబ్బు ఆ తలుపుకు టికెట్టు పెట్టి సరిపెట్టుకుంటుంది.

అనుమతి ఇవ్వం పొమ్మంటే?

అనొచ్చు. వాట్‌ఫర్డ్ అలాగే అంది. 2017 అక్టోబరులో ఎవర్టన్ తన మేనేజర్ రోనాల్డ్ కూమన్‌ను తీసేసి, వాట్‌ఫర్డ్ మేనేజర్ మార్కో సిల్వా కోసం వచ్చింది. వాట్‌ఫర్డ్ ససేమిరా అంది. సిల్వా ఉన్నాడు, కానీ ఆట చెడింది, వరస ఓటములు. 2018 జనవరిలో వాట్‌ఫర్డే అతణ్ణి తీసేసి, ఒక ప్రత్యర్థి క్లబ్బు అనవసరంగా కెలకడంతోనే అంతా పాడైందని ప్రకటన ఇచ్చింది. ఆ వేసవిలో సిల్వా ఎవర్టన్‌లోనే తేలాడు. వాట్‌ఫర్డ్ లీగ్‌కు ఫిర్యాదు చేయడం, చివరికి ఎవర్టన్ పరిహారం ఇచ్చి రాజీపడడం తర్వాతి కథ. మనసు లేని మనిషిని కాగితంతో కట్టేసి ప్రయోజనం లేదని క్లబ్బులకు బాగా తెలుసు. అందుకే చాలావరకు రెండు రోజులు బెట్టు చేసి ధర పెంచుకుంటాయి, తర్వాత తలూపుతాయి.

అలాగని ప్రతిసారీ పోవడమే జరుగుతుందని లేదు. ఇప్స్‌విచ్ టౌన్‌ను కీరన్ మెకెన్నా 2023, 2024లో వరసగా రెండు మెట్లెక్కించి, 22 ఏళ్ళ తర్వాత ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. ఆ వేసవిలో బ్రైటన్, చెల్సీ, మాంచెస్టర్ యునైటెడ్‌ల పేర్లు అతని పేరు పక్కన రోజూ కనిపించాయి. ఇప్స్‌విచ్ జనం ఎలా గడిపి ఉంటారో ఊహించుకోవచ్చు. మే నెలాఖరుకు అతను ఇప్స్‌విచ్‌తోనే నాలుగేళ్ళ కొత్త కాంట్రాక్టు రాసుకున్నాడు. ఊరు పండగ చేసుకుంది. మరుసటి సీజన్ చివర జట్టు మళ్ళీ కింది లీగ్‌కు జారిపోయింది. మేనేజర్ ఉండిపోయినంత మాత్రాన గండం గట్టెక్కదన్నమాట.

పోయేవాడిది ద్రోహం కాదా?

అభిమాని కోపం న్యాయమైనదే. కానీ విశ్వాసం అనే లెక్క రెండు వైపులా చూడాలి. క్లాడియో రానియెరి 2016 మేలో లెస్టర్‌కు ప్రీమియర్ లీగ్ కిరీటం తెచ్చాడు, ఎవరూ కలలో కూడా అనుకోనిది. తొమ్మిది నెలలకు, 2017 ఫిబ్రవరిలో, అదే క్లబ్బు అతణ్ణి తీసేసింది. ఈ వృత్తిలో ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో ఎవరికీ తెలియదు. అందుకే పెద్ద పిలుపు వచ్చినప్పుడు వెళ్ళాలి, మళ్ళీ వస్తుందన్న భరోసా లేదు. పాటర్ సంగతే చూడండి. 2021 నవంబరులో లీడ్స్‌తో 0-0 డ్రా అయినందుకు బ్రైటన్ జనం సొంత జట్టునే గేలి చేశారు, జట్టు పట్టిక పై సగంలో ఉన్నా సరే. అప్పుడు అతను బాహాటంగానే నొచ్చుకున్నాడు. పదినెలల తర్వాత వెళ్ళిపోతుంటే ద్రోహి అన్నదీ వాళ్ళే. ఇందులో నా ఓటు పాటర్‌కే.

వెళ్ళినవాడు అక్కడ రాణిస్తాడా?

2022 అక్టోబరు 29న పాటర్ చెల్సీ జట్టుతో బ్రైటన్‌కు తిరిగొచ్చాడు. చెల్సీలో అతను అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. బ్రైటన్ కొత్త మేనేజర్, ఇటలీవాడైన రొబెర్తో డి జెర్బి, వచ్చాక ఐదు మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. పాటర్ కనిపించగానే బ్రైటన్ సొంత మైదానం అమెక్స్ స్టేడియం గోల గోలగా గేలి చేసింది. ఐదో నిమిషంలో బ్రైటన్ ఆటగాడు ట్రోసార్ గోల్ కొట్టాడు. పద్నాలుగో నిమిషంలో చెల్సీ ఆటగాడు లాఫ్టస్-చీక్ బంతిని తన గోల్‌లోకే పంపుకున్నాడు. సగం ఆట ముగిసేలోపు ఇంకో చెల్సీ ఆటగాడు చలోబా అదే పని చేశాడు. 3-0. రెండో సగంలో హావెర్ట్జ్ ఒకటి తిరిగి కొట్టినా, చివర్లో గ్రోస్ నాలుగో గోల్‌తో లెక్క ముగించాడు. డి జెర్బికి మొదటి గెలుపు, చెల్సీలో పాటర్‌కు మొదటి ఓటమి, రెండూ ఒకే మధ్యాహ్నం.

2023 ఏప్రిల్ 2న చెల్సీ పాటర్‌ను తీసేసింది. ఏడు నెలలు కూడా నిండలేదు. సీజన్ చివరికి చెల్సీ 12వ స్థానం, బ్రైటన్ ఆరో స్థానం. క్లబ్బు చరిత్రలో తొలిసారి బ్రైటన్ యూరప్ పోటీలకు అర్హత సాధించింది.

ఎందుకిలా జరిగింది? చెల్సీ కొనుక్కున్నది పాటర్‌ను. కానీ బ్రైటన్‌లో పాటర్ చేతికి ఆటగాళ్ళను అందించింది వేరే యంత్రాంగం. యజమాని టోనీ బ్లూమ్ పోకర్ ఆటగాడు, పందేల లెక్కల్లో ఆరితేరి సొమ్ము చేసుకున్నవాడు. అతని మనుషులు ప్రపంచమంతటా ఆటగాళ్ళ గణాంకాలు జల్లెడ పట్టి, ఇంకా పేరు రాని కుర్రాళ్ళను చవగ్గా తెస్తారు. పాటర్ వాళ్ళకు ఆట నేర్పాడు, చక్కగా నేర్పాడు. చెల్సీలో అతనికి దొరికింది అప్పటికే కోట్లు పోసి తెచ్చిన పెద్ద గుంపు. జనవరిలో దానికి ఇంకొంతమంది తోడయ్యారు. అందరికీ ఆడే చోటు చూపించడమే పెద్ద తలనొప్పి.

చెల్సీకి ఈ సంగతి అర్థమైనట్టే ఉంది, తనదైన పద్ధతిలో. ఆటగాళ్ళ ఎంపిక చూసే పాల్ విన్‌స్టన్లీని అదే శీతాకాలంలో బ్రైటన్ నుంచి తీసుకుంది. ఆటగాళ్ళలో కుకురెయ్యాను ముందే తీసుకుంది, మరుసటి వేసవిలో కైసెదోనూ గోల్‌కీపర్ సాంచెజ్‌నూ తీసుకుంది. ఇక మిగిలింది అమెక్స్ స్టేడియం కుర్చీలే.

మరి బ్రైటన్ ఎలా నిలబడింది?

ముందే సిద్ధంగా ఉంది కాబట్టి. క్లబ్బులో ముఖ్యమైన ప్రతి కుర్చీకీ, ఇవాళ ఖాళీ అయితే రేపు ఎవర్ని అడగాలన్న జాబితా దగ్గర పెట్టుకోవడం ఆ క్లబ్బు పద్ధతి. పాటర్ పోయిన పదో రోజున డి జెర్బి వచ్చాడు. రష్యా దాడితో ఉక్రెయిన్‌లోని షక్తార్ దొనెత్స్క్‌ను వదిలేసి ఖాళీగా ఉన్నాడు. కాలం కూడా కలిసొచ్చింది. పాటర్ వెళ్ళిన రోజునే ఎలిజబెత్ రాణి మరణించడంతో ఆ వారాంతపు మ్యాచ్‌లన్నీ వాయిదా పడ్డాయి. ఇతర కారణాలు కూడా తోడై, అక్టోబరు 1 దాకా బ్రైటన్‌కు లీగ్ మ్యాచే లేదు. ఆ రోజు లివర్‌పూల్‌లో 3-3 డ్రా.

2024లో డి జెర్బి కూడా వెళ్ళిపోయాడు. అప్పుడు బ్రైటన్ 31 ఏళ్ళ ఫాబియన్ హుర్జెలర్‌ను జర్మనీలోని సెయింట్ పౌలి నుంచి తెచ్చుకుంది. అతను అప్పుడే ఆ జట్టును రెండో డివిజన్ నుంచి బుండెస్‌లీగాకు చేర్చాడు. ఇప్పుడు హాంబర్గ్‌లో సెయింట్ పౌలి అభిమాని కుర్చీలో కూర్చుని చూడండి: అతనికి గద్ద ఎవరు? బ్రైటన్. సెయింట్ పౌలి ఊరుకుందా? బెల్జియం క్లబ్బు యూనియన్ సాంట్-గిలోయిస్ నుంచి అలెగ్జాండర్ బ్లెసిన్‌ను తీసుకుంది. యూనియన్ ఏమైంది? సెబాస్టియన్ పొకొన్యోలిని కోచ్‌గా పెట్టుకుని, 2025లో 90 ఏళ్ళ తర్వాత బెల్జియం లీగ్ గెలిచింది. కొన్ని నెలలకు పొకొన్యోలిని మొనాకో తీసుకుపోయింది. పోయిందని ఏడ్చే ప్రతి క్లబ్బూ నిన్నమొన్న ఇంకొకరి దగ్గర ఎత్తుకొచ్చిందే. స్పోర్టింగ్ కూడా అమోరిమ్‌ను 2020లో బ్రాగా నుంచి కోటి యూరోలిచ్చే తెచ్చుకుంది, అతను బ్రాగా సీనియర్ జట్టుకు మూడు నెలలు పనిచేశాడో లేదో.

సౌతాంప్టన్ కథ ఇందుకు అటూ ఇటూ. 2014లో పొచెటినోను టాటెన్‌హామ్‌కు పోగొట్టుకుంది, ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు మరుసటి ఏడాది ఏడో స్థానానికి, ఆపై ఆరో స్థానానికి చేరింది. ఆరుకు చేర్చిన కూమన్‌ను 2016లో ఎవర్టన్ పట్టుకుపోయింది. తర్వాత వచ్చిన క్లాడ్ పుయెల్ ఎనిమిదో స్థానం, ఒక కప్పు ఫైనల్ సాధించినా నచ్చక క్లబ్బే తీసేసింది. మరుసటి సీజన్ 17వ స్థానం. పెద్ద క్లబ్బులు రెండుసార్లు తన్నుకుపోయినా చలించని జట్టు, సొంత నిర్ణయంతో కుంగిపోయింది.

పోబోతున్నాడని ముందే పసిగట్టొచ్చా?

కొంతవరకు. కాంట్రాక్టు ఏడాదిన్నరకు వచ్చినా కొత్తదానిపై సంతకం పెట్టడం లేదంటే అనుమానించాలి. విలేకరులు అడిగినప్పుడు "నా దృష్టంతా శనివారం మ్యాచ్ మీదే" అన్న జవాబు వచ్చిందంటే, అది కాదనడం కాదు. ఇక బుకీల ధరలు: ఫలానా క్లబ్బుకు తర్వాతి మేనేజర్ ఎవరన్న పందెంలో మీ మేనేజర్ పేరు ముందుకొచ్చిందని బెంబేలెత్తకండి. ఆ పందేల్లో తిరిగే డబ్బు చాలా తక్కువ. కొద్దిమంది వేసినా ధర తారుమారవుతుంది. మారిన ధరే మర్నాడు పత్రికలో వార్త అవుతుంది. ఆ వార్త చూసి ఇంకొందరు పందెం వేస్తారు.

ఇదంతా దొరల ఆట, మనకేంటి?

మనకూ జరిగింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో అట్టడుగున నిలిచింది. తర్వాతి సీజన్ కోసం స్పెయిన్‌కు చెందిన ఆల్బర్ట్ రోకాను తెచ్చుకుంది. బెంగళూరు ఎఫ్‌సీని 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేర్చిన అనుభవజ్ఞుడు. ఇంకా సీజన్ మొదలే కాలేదు, 2020 ఆగస్టులో బార్సిలోనా నుంచి పిలుపు. అక్కడ కొత్త కోచ్‌గా వచ్చిన కూమన్, అవును ఆ కూమనే, ఫిట్‌నెస్ బాధ్యతకు రోకాను అడిగాడు. పిలిచింది బార్సిలోనా, హైదరాబాద్ ఏమని అడ్డుపడుతుంది? క్లబ్బు మర్యాదగా వదిలేసింది.

రోజుల వ్యవధిలోనే మరో స్పెయిన్ కోచ్ మానోలో మార్కెజ్ వచ్చాడు. మొదటి ఏడు ఐదో స్థానం, రెండో ఏడు లీగ్‌లో రెండో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఒక గోల్ వెనకబడి ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరగడంతో సొంత ఊరి జనం చాలామంది దీన్ని టీవీలోనే చూశారు.

2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్ళిపోయాడు. ఈసారి క్లబ్బు లేవలేదు. జీతాల బకాయిలు, ఆటగాళ్ళ కొనుగోళ్ళపై ఫిఫా నిషేధం, ఒక్కొక్కరుగా వెళ్ళిపోయిన ఆటగాళ్ళు. 2023-24 ఐఎస్‌ఎల్‌లో మొత్తం సీజన్‌కు ఒకే ఒక్క గెలుపు. 2025లో ఫ్రాంచైజీయే ఢిల్లీకి తరలిపోయింది. మార్కెజ్ ఉండి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. జీతాలు అందని జట్టును ఏ కోచ్ నిలబెడతాడు? రోకా పోయినప్పుడు బాగుపడ్డ క్లబ్బు మార్కెజ్ పోయినప్పుడు కూలిందంటే, ఆ తేడా కోచ్‌లది కాదు, ఆఫీసుది.

అయితే అభిమాని ఏం చూసుకోవాలి?

మేనేజర్ ముఖం వైపు కాకుండా ఛైర్మన్ గది వైపు చూడండి. ఆటగాళ్ళను ఎంపిక చేసేది ఎవరు? మేనేజర్ ఒక్కడేనా, అతను పోయినా ఉండే మనుషులా? జీతాలు వేళకు పడుతున్నాయా? గత రెండుసార్లు మేనేజర్ మారినప్పుడు కొత్తవాడు అదే తరహా ఆట ఆడించేవాడా, లేక ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టారా? వీటికి జవాబు బాగుంటే, పెద్ద క్లబ్బు వచ్చి మీ మేనేజర్‌ను అడిగిన రోజున మంచి ధర రాబట్టమని కోరుకోండి, అంతే. అతను వెళ్ళిపోయాక పది పదిహేను రోజులు చూడండి. ఈలోపు కొత్త పేరు వస్తే నిశ్చింతగా తర్వాతి మ్యాచ్‌కు టికెట్ కొనుక్కోండి. నెల దాటినా క్లబ్బు దగ్గర పేరే లేదంటే, దిగులు పడాల్సింది అప్పుడు.